‘లుక్’ అన్నచోటల్లా లుక్ కాదు: చూపుకు సరైన ఇంగ్లీషు మాట ఎంచుకోవడం ఎలా?

నా మిత్రుడొకడు ఉద్యోగం కోసం ఉత్తరం రాస్తూ, ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అని అందరూ రాసేదే తనూ రాయడమెందుకని పర్యాయపదకోశం తెరిచాడు. లుక్ తీసేసి స్టేర్ పెట్టాడు. ‘స్టేరింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అయింది. చదివినవాళ్లకు ‘మిమ్మల్ని కలవడానికి గుడ్లప్పగించుకుని కూర్చున్నాను’ అన్నట్టు వినిపించి ఉంటుంది. పాపం, కోశంలో లుక్ పక్కన స్టేర్ ఉన్నమాట నిజమే. అయితే కోశం మాటల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఊరుకుంటుంది, ఎవరికి ఎవరితో పడదో చెప్పదు.

పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో తన ఇంగ్లీషు పర్యాయపదకోశాన్ని అచ్చువేసినప్పుడు మాటల్ని అక్షరక్రమంలో కాకుండా భావాల వారీగా గుంపులు కట్టాడు. భావం మనసులో ఉండి మాట నాలుక చివర ఆగిపోయినవాడికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. మాటే కొత్త అయినవాడికి మాత్రం అందులో అడుగడుగునా గుంటలే. ఆ గుంటల్ని తప్పించుకునే దారి ఇక్కడ చెబుతాను. లుక్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, చూపుల విషయంలో తెలుగువాడు పేదవాడు కాదు. ఓరచూపు, దొంగచూపు, బిత్తరచూపు, కొరకొర చూడటం, ఎగాదిగా చూడటం, తేరిపార చూడటం, గుడ్లురమడం, తొంగిచూడటం: ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే మనకు వచ్చు. ఇంగ్లీషు మాటల్ని వీటికి జతచేసుకుంటే సగం పని అయిపోతుంది.

1. ముందు లుక్, సీ, వాచ్ విడదీయండి

తెలుగులో ‘చూడు’ అన్న ఒక్క మాట ఈ మూడు పనులూ చేస్తుంది కాబట్టి మనకు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. కానీ తెలుగులోనే దీనికి తాళంచెవి ఉంది. ‘చూశాను’ వేరు, ‘కనబడింది’ వేరు కదా. చూడటం మనం చేసే పని. కనబడటం మనకు జరిగేది. అందుకే ‘నాకు కనబడింది’ అంటాం. లుక్ అంటే చూడటం. సీ అంటే కనబడటం. ‘ఐ లుక్డ్, బట్ ఐ డిడ్ నాట్ సీ ఎనీథింగ్’ అనే వాక్యాన్ని ‘చూశాను గానీ ఏమీ కనబడలేదు’ అనుకుంటే చిక్కు విడిపోతుంది.

ఈ తేడా వట్టి వ్యాకరణం కాదు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. బంతులు విసురుకుంటున్న ఆటగాళ్ల వీడియో చూపించి, ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి ఆటగాళ్ల నడుమ నుంచి నడిచి వెళ్లాడు. చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను గమనించనేలేదు. కళ్లు అటే ఉన్నాయి. అంటే లుక్ జరిగింది, సీ జరగలేదు.

ఇక వాచ్. ఇది ‘మెలకువగా ఉండటం’ అనే అర్థమున్న వేక్‌కు చుట్టం. కదిలేదాన్నో, మారేదాన్నో, ఏదైనా జరగబోయేదాన్నో కనిపెట్టుకుని ఉండటం వాచ్. అందుకే గోడమీద బొమ్మను లుక్ ఎట్ చేస్తాం, ఆటను వాచ్ చేస్తాం. గోడమీద బొమ్మను వాచ్ చేస్తున్నామంటే, అది కదులుతుందేమోనన్న భయమన్నా ఉండాలి, దాన్నెవరో ఎత్తుకుపోతారన్న అనుమానమన్నా ఉండాలి. ‘లుక్ ఎట్ ది చిల్డ్రన్’ అంటే పిల్లల్ని చూడమని. ‘వాచ్ ది చిల్డ్రన్’ అంటే వాళ్లమీద ఓ కన్నేసి ఉంచమని. ‘గో అండ్ సీ ది చిల్డ్రన్’ అంటే వెళ్లి కలిసి రమ్మని.

మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. ‘నేనొక పిట్టను చూస్తున్నాను’ అన్నదాన్ని ‘ఐ యామ్ సీయింగ్ ఎ బర్డ్’ అంటారు. కనబడటం దానంతట అది జరిగేది కాబట్టి, ఈ అర్థంలో సీకి మామూలుగా ‘ఇంగ్’ తగిలించరు. ‘ఐ కెన్ సీ ఎ బర్డ్’ అనాలి, లేదా ‘ఐ యామ్ లుకింగ్ ఎట్ ఎ బర్డ్’ అనాలి. ‘ఐ యామ్ సీయింగ్ హర్’ అన్నారంటే మీకూ ఆమెకూ ప్రేమ వ్యవహారం నడుస్తోందని ఎదుటివాడు అనుకుంటాడు.

2. ఇంగ్లీషు జోలికి పోకముందే తెలుగులో ఆ చూపుకు పేరు పెట్టండి

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. నాకైతే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

తెలుగు చూపు రంగును క్రియకు ముందున్న మాటలో పెడుతుంది: కొరకొర చూశాడు, మిర్రిమిర్రి చూశాడు, ఓరకంట చూసింది. క్రియ మారదు, ముందున్న మాట మారుతుంది. ఇంగ్లీషు ఎక్కువగా ఆ రంగును క్రియలోనే కలిపేస్తుంది: గ్లేర్, గ్లౌవర్, గ్లాన్స్. అందువల్ల మనం తెలుగు అచ్చులో పోసి ‘లుక్డ్ యాంగ్రిలీ’, ‘లుక్డ్ సీక్రెట్లీ’, ‘లుక్డ్ క్విక్లీ’ అని రాస్తూ పోతాం. తప్పేమీ కాదు గానీ, పేజీ నిండా ఇవే ఉంటే చదివేవాడికి నీరసం వస్తుంది. కాబట్టి లుక్ పక్కన ‘లీ’తో ముగిసే మాట కనిపించినప్పుడల్లా ఆగండి. ఆ రెండింటినీ మింగేసిన ఒకే క్రియ ఇంగ్లీషులో ఉందేమో వెతకండి. చాలాసార్లు ఉంటుంది.

పేరు పెట్టడానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ చూపు ఎంతసేపు నిలిచింది? చూసేవాడి మనసులో ఏముంది? చూడటానికి అడ్డమేదైనా ఉందా, అంటే చీకటో, సందో, భయమో? వీటికి జవాబులొచ్చాక నాలుగోది ఒకటి మిగులుతుంది. ఆ చూపును చెబుతున్నవాడు ఎవరి పక్షాన ఉన్నాడు? దీన్ని ఎవరూ వేసుకోరు. అసలు తేడాలు మాత్రం ఇక్కడే పుడతాయి.

3. నిలిచిన చూపులు: స్టేర్, గేజ్, గేప్, గాక్

రెప్ప వాల్చకుండా ఒక మనిషి మరో మనిషిని చూస్తున్నాడు అనుకోండి. పక్కనుంచి ఫొటో తీస్తే స్టేర్‌కూ గేజ్‌కూ తేడా తెలియదు. తేడా చెప్పేవాడి నోట్లో ఉంది. గేజ్ అన్నాడంటే ఆ చూపులో ఇష్టమో, ఆశ్చర్యమో, పరధ్యానమో ఉందని చెప్పేవాడు ఒప్పుకున్నట్టు. మన ‘తదేకంగా చూడటం’, ‘మైమరచి చూడటం’ దీనికి దగ్గర. స్టేర్ అన్నాడంటే ఆ చూపు ఎదుటివాడికి ఇబ్బందిగా ఉందనో, చూసేవాడు కొయ్యబారిపోయాడనో అర్థం. స్టేర్ వెనక బిగుసుకుపోవడమనే భావమున్న పాత జర్మానిక్ ధాతువు ఉంది. ఆ బిగువు ఇప్పటికీ వదల్లేదు. ఇంగ్లీషు పిల్లలకు పెద్దలు చెప్పే మర్యాద ‘డోంట్ స్టేర్’ అనే గాని ‘డోంట్ గేజ్’ అని కాదు.

ఒకే సంగతికి రెండు సాక్ష్యాలు చూడండి. ప్రేమలో ఉన్న అబ్బాయి ‘ఐ గేజ్డ్ ఎట్ హర్’ అని రాసుకుంటాడు. ఆ అమ్మాయికి అతనంటే గిట్టకపోతే ‘హి వాజ్ స్టేరింగ్ ఎట్ మి’ అని ఫిర్యాదు చేస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కథ రాసేవాళ్లు ఈ మాట ఎంచుకునేటప్పుడే తమకు తెలియకుండా తీర్పు ఇచ్చేస్తారు. అందుకే నాలుగో ప్రశ్నను మర్చిపోవద్దంటున్నాను.

స్టేర్ ఎప్పుడూ దురుసే అనుకోనక్కర్లేదు. దుఃఖంలో ఉన్నవాడు శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే ‘స్టేరింగ్ ఇంటు స్పేస్’ అంటారు. అక్కడ గేజ్ పెడితే దుఃఖం కాస్తా కవిత్వమైపోతుంది.

గేప్ కళ్లకంటే నోటికి సంబంధించిన మాట. నోరు తెరవడమే దాని పాత అర్థం. మన ‘నోరెళ్లబెట్టి చూడటం’ అచ్చంగా అతుకుతుంది. గాక్ అంటే గుడ్లప్పగించి చూడటం. ప్రమాదం జరిగినచోట చేయి సాయం చేయకుండా వింత చూసే జనానికి ఈ మాట వాడతారు. ఇందులో వెక్కిరింపు ఉంది కాబట్టి, మీరు గౌరవించే మనిషికి వాడొద్దు.

4. క్షణకాలపు చూపులు: గ్లాన్స్‌నూ గ్లింప్స్‌నూ కలపొద్దు

రెండూ క్షణకాలానివే గానీ ఒకటి చూడటం వైపు, ఒకటి కనబడటం వైపు. గ్లాన్స్ మనం కావాలని విసిరే చూపు: ‘షి గ్లాన్స్డ్ ఎట్ ది క్లాక్’, గడియారం వైపు ఓసారి చూసి కళ్లు తిప్పుకుంది. బాణం దేనికో తగిలి పక్కకు జారిపోతే దానికీ గ్లాన్స్ అనే అంటారు. చూపు కూడా అలా తగిలి జారిపోవాలి, దిగబడితే అది గ్లాన్స్ కాదు.

గ్లింప్స్ మన చేతిలో లేదు. అవతలిది తళుక్కున కనబడి మాయమవుతుంది. మెలకువగా ఉన్నవాడికి దక్కుతుంది, లేనివాడికి లేదు. అందుకే ‘కాట్ ఎ గ్లింప్స్ ఆఫ్’ అంటారు, పట్టుకున్నట్టు. గ్లాన్స్‌నైతే ‘టుక్ ఎ గ్లాన్స్ ఎట్’ అని తీసుకుంటారు, దొంగతనంగా అయితే ‘స్టోల్ ఎ గ్లాన్స్’ అంటారు. మన క్రీగంటి చూపులు ఈ కోవలోవే. ‘కన్నెత్తి అయినా చూడలేదు’ అనడానికి కూడా గ్లాన్సే పనికొస్తుంది: ‘డిడ్ నాట్ ఈవెన్ గ్లాన్స్ ఎట్ మి’.

ఒక పక్కదారి. గ్లాన్స్, గ్లింప్స్, గ్లేర్, గ్లో, గ్లీమ్, గ్లింట్, గ్లిటర్: ఇన్ని మాటల మొదట ‘గ్ల’ ఎందుకు ఉంది? అన్నీ వెలుగు గురించో చూపు గురించో చెప్పేవే. ఇలా అర్థం అంటిపెట్టుకున్న ధ్వనిగుంపుకు భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ‘ఫొనెస్తీమ్’ అని పేరుపెట్టాడు. మెరుపు, మిలమిల, మిణుకు, మిరుమిట్లు అన్నప్పుడు మన ‘మ’కారమూ అలాంటి పనేదో చేస్తోందని నాకనిపిస్తుంది. మాట గుర్తుపెట్టుకోవడానికి ఈ ధ్వని బాగా సాయపడుతుంది. అర్థం తేల్చుకోవడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, గ్లూ కూడా ‘గ్ల’తోనే మొదలవుతుంది మరి.

5. కోపపు చూపులు, పాడు చూపులు

గ్లేర్‌కు మొదటి అర్థం కళ్లు చెదిరే వెలుగు, ఇప్పటికీ ఎదురొచ్చే బండి లైటుకు వాడతాం. ఆ వెలుగంత పదునుగా కళ్లెర్రజేసి చూడటం కూడా గ్లేరే. గ్లౌవర్ అంత భగ్గుమనదు. లోపల కుతకుతలాడుతూ ముఖం మాడ్చుకుని చాలాసేపు కొరకొర చూడటం. కోపం బయటికి కక్కితే గ్లేర్, కడుపులో పెట్టుకుంటే గ్లౌవర్ అని నేను గుర్తుపెట్టుకున్నాను. స్కౌల్‌ను కోశాలు వీటి పక్కన పెడతాయి గానీ, అది ప్రధానంగా ముఖం: నొసలు ముడవడం. కళ్లు మూసుకుని కూడా స్కౌల్ చేయొచ్చు.

లియర్, ఓగిల్ అనే రెండూ మనిషిని ఒంటితో మాత్రమే కొలిచే చూపులు. లియర్‌లో వెకిలినవ్వు కలిసి ఉంటుంది, ఓగిల్‌లో కళ్లతోనే తినేసేలా చూడటం ఉంటుంది. పర్యాయపదకోశం లుక్ కింద వీటినీ చేరుస్తుంది కాబట్టి జాగ్రత్త. మనవరాలి ఫొటోను తాత ఓగిల్ చేశాడని రాస్తే కథ పోలీసుల దాకా పోతుంది.

6. అడ్డముంటే

చీకటి, దూరం, పొగమంచు, చిన్న అక్షరాలు. వీటివల్ల సరిగ్గా కనబడక కష్టపడి పరికించి చూస్తే పీర్. అదే సందర్భంలో కళ్లు చిట్లించడం స్క్వింట్. ఎండ మొహాన కొట్టినా స్క్వింటే. మెల్లకన్నుకూ ఇంగ్లీషులో ఇదే పేరు. అందువల్ల ‘హి హాజ్ ఎ స్క్వింట్’ అన్నా, ‘హి స్క్వింటెడ్’ అన్నా ఒకటే అనుకోవద్దు: మొదటిది కంటి లోపం, రెండోది ఆ క్షణంలో చేసిన పని.

అడ్డం కళ్లకు కాక మర్యాదకు ఉంటే పీప్, పీక్ వస్తాయి. సందులోంచో, తలుపు చాటునుంచో తొంగిచూడటం పీప్. చూడొద్దన్నదాన్ని ఆగలేక గబుక్కున చూసేయడం పీక్. కళ్లు మూసుకోమని చెప్పినప్పుడు వేళ్ల సందులోంచి పిల్లలు చేసేది పీకే. ఇందులో అల్లరి ఉంది గానీ చెడ్డతనం లేదు. పీప్‌లో ఒక్కోసారి ఉంటుంది. ఇంకో సంగతి, పర్వత శిఖరానికీ పీక్ అనే ఉచ్చారణే కాబట్టి ‘స్నీక్ పీక్’ అని రాయబోయి శిఖరం రాసేవాళ్లు ఇంగ్లీషు మాతృభాషైనవాళ్లలోనూ కొల్లలు. చూపుకు స్పెల్లింగులో ‘ఈ’ అక్షరం రెండుసార్లు వస్తుంది, రెండు కళ్లున్నట్టు.

7. పరిశీలించే చూపులు

ఇక్కడ మాటల పుట్టుక తెలిస్తే దారి సుగమం. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు, వాటి వెనకే లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి వెల్లువలా వచ్చాయి. ఫలితంగా ఒకే భావానికి మూడంతస్తుల మాటలు మిగిలాయి. ఓవర్‌సీ, సర్వే, సూపర్‌వైజ్: మూడింటిలోనూ ఉన్నది ‘పైన’, ‘చూడు’ అనే రెండు ముక్కలే. మొదటిది పాత ఇంగ్లీషు, రెండోది ఫ్రెంచి, మూడోది లాటిన్. పుట్టుకలో ఒకటైనా ఇవాళ సర్వే నేలనూ పరిసరాలనూ చూస్తుంది, సూపర్‌వైజ్ పనివాళ్లను చూస్తుంది. ఇక ఓవర్‌లుక్ ఉంది: ‘పైన’, ‘చూడు’ దానిలోనూ ఉన్నాయి, కానీ ఎక్కువగా చూడక వదిలేయడమనే అర్థంలో వాడతారు. అధికారిని ‘ప్లీజ్ లుక్ ఓవర్ మై అప్లికేషన్’ అని అడగాల్సినవాడు ‘ప్లీజ్ ఓవర్‌లుక్ మై అప్లికేషన్’ అన్నాడంటే, నా దరఖాస్తును పట్టించుకోకండి అని వేడుకున్నట్టే.

సాధారణంగా పాత ఇంగ్లీషు మాటలు ఇంట్లో చొక్కా, లాటిన్ మాటలు ఆఫీసు కోటు. ఇన్‌స్పెక్ట్, ఎగ్జామిన్, అబ్జర్వ్, స్క్రూటినైజ్ అన్నీ కోటు వేసుకున్నవే. స్క్రూటినైజ్ మూలంలో చెత్తను గాలించడమనే అర్థం ఉంది. తప్పు దొరుకుతుందేమోనని జల్లెడపట్టి చూస్తున్నప్పుడే అది సరిపోతుంది. స్నేహితుడి కొత్త ఇంటిని మీరు స్క్రూటినైజ్ చేశారంటే స్నేహం అక్కడితో సరి.

రెండు మాటల దగ్గర మాత్రం నేనైతే తప్పుకునిపోతాను. స్కాన్ అంటే ఒకప్పుడు అణువణువూ పరిశీలించడం. ఇప్పుడు పైపైన చూపు పారించడం కూడా. పెరూజ్ అంటే శ్రద్ధగా చదవడమని పాతవాళ్లు, తిరగేయడమని కొత్తవాళ్లు. రెండు అర్థాలూ చెలామణిలో ఉన్నాయి కాబట్టి ఉత్తరంలో పెరూజ్ రాస్తే అవతలివాడు ఏమర్థం చేసుకుంటాడో మీ చేతిలో ఉండదు. శ్రద్ధగా చదవమంటే ‘రీడ్ కేర్‌ఫుల్లీ’ అనండి, పైపైన చూడమంటే ‘స్కిమ్’ అనండి. స్కిమ్‌లో సందేహం లేదు. నీటిమీది తెట్టు తీసినట్టు పైపొర మాత్రమే.

8. తోకలు సరిచూసుకోండి

మాట మారిస్తే దాని వెనకొచ్చే ఎట్, ఇంటు లాంటి తోక కూడా మారొచ్చు. లుక్, గ్లాన్స్, స్టేర్, గ్లేర్, గేజ్ తర్వాత మామూలుగా ఎట్ వస్తుంది. పీర్ తర్వాత ఇంటు, త్రూ కూడా విరివిగా వస్తాయి, ఎందుకంటే అడ్డాన్ని దాటాలి. వాచ్, సీ, గ్లింప్స్, నోటీస్, స్పాట్ తర్వాత ఏమీ ఉండదు. ‘గ్లింప్స్డ్ ఎట్ ది టైగర్’ అనొద్దు, ‘గ్లింప్స్డ్ ది టైగర్’ అనండి.

మరో కిటుకు: లుక్ వెనక ఎట్ ఉంటే అది చూపు. ఫర్ అయితే వెతకడం, ఆఫ్టర్ అయితే సాకడం, ఇంటు అయితే విచారించడం, డౌన్ ఆన్ అయితే చులకన చేయడం, ఫార్వర్డ్ టు అయితే ఎదురుచూడటం. ఈ జంటల్లో లుక్ తన అర్థాన్ని తోకకు అప్పగించేసింది. అందువల్ల అక్కడ లుక్ బదులు ఏ పర్యాయపదాన్నీ దూర్చలేరు. మా మిత్రుడి ఉత్తరం చెడింది ఇందుకే.

9. ఆ మాట సావాసాలు విచారించండి

మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని ఫర్త్ 1957లో అన్నాడు. పర్యాయపదకోశంలో మాట దొరికాక, విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు నిఘంటువు తెరిచి వట్టి అర్థాన్ని కాకుండా ఉదాహరణ వాక్యాలను చదవండి. కర్త ఎవరు, కర్మ ఎవరు, పక్కన ఏ విశేషణాలు వస్తున్నాయి? గేజ్ పక్కన నక్షత్రాలు, సముద్రం, ప్రియురాలి కళ్లు కనబడతాయి. గ్లేర్ పక్కన తగాదా ఉంటుంది. ఆ వాక్యాల్లో ఒక్కటైనా మీ వాక్యానికి చుట్టంలా లేకపోతే ఆ మాట మీది కాదు. ‘లిటరరీ’, ‘ఫార్మల్’, ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అని చిన్న అక్షరాల్లో ఉండే గుర్తుల్నీ దాటవేయొద్దు. బిహోల్డ్ అనే మాట పక్కన అలాంటి గుర్తు ఉంటుంది. పత్రికావార్తలో బిహోల్డ్ రాయడం, తెలుగు వార్తలో ‘వీక్షింపుడు’ అని రాయడంతో సమానం.

10. లుక్‌ను వదిలేయాల్సిన చోట వదిలేయండి

ఇంత చదివాక ప్రతి లుక్‌నూ పీకి పారేయాలనిపిస్తుంది. ఆ ఉబలాటం నాకూ ఉండేది. ఒక పేరాలో మనుషులు గ్లాన్స్ చేసి, పీర్ చేసి, గేజ్ చేసి, గ్లేర్ చేస్తే చదివేవాడికి కనుగుడ్ల కవాతు తప్ప కథ కనబడదు. చూపు ఎలాంటిదన్నది ముఖ్యం కానప్పుడు లుక్ చాలు. అది గాజులాంటి మాట, దానిలోంచి అవతలికి చూడొచ్చు.

తెలుగు చూపులన్నిటికీ ఇంగ్లీషులో ఒకే క్రియ దొరకదని కూడా ఒప్పుకోవాలి. బిత్తరచూపులకు నాకు ఇంతవరకు ఒక్క మాట దొరకలేదు. ‘లుక్డ్ అరౌండ్ లైక్ ఎ ఫ్రైటెండ్ యానిమల్’ అని ఆరు మాటల్లో చెప్పుకోవాల్సిందే. ఎగాదిగా చూడటానికి ‘లుక్ సమ్‌వన్ అప్ అండ్ డౌన్’ అనాలి, అక్కడా లుక్కే గతి.

చేయి తిరగడానికి ఈ ఐదు వాక్యాలు ఇంగ్లీషులో పెట్టి చూడండి, ఒక్కదానిలోనూ లుక్ వాడకుండా. పరీక్షహాల్లో పక్కవాడి కాగితం వైపు దొంగచూపు చూశాడు. రైలు సొరంగంలోకి దూరబోయే ముందు కిటికీలోంచి సముద్రం తళుక్కున కనబడింది. ఆమె బావిలోకి పరికించి చూసింది. బాకీ అడిగినందుకు రోజంతా నావైపు కొరకొర చూశాడు. పాప నిద్రపోతుంటే వాళ్లమ్మ తదేకంగా చూస్తూ ఉండిపోయింది. నా జవాబులు వరుసగా స్టోల్ ఎ గ్లాన్స్, గ్లింప్స్, పీర్, గ్లౌవర్, గేజ్. మొదటిదానికి మీరు పీక్ రాసి ఉంటే అదీ సరే, మీ కుర్రాడు కాస్త అల్లరివాడవుతాడంతే. చివరిదానికి వాచ్ రాసినా తప్పు కాదు, కానీ పాపకు జ్వరంగా ఉందేమోనని నేను కంగారుపడతాను.